తూలిన బండి, తాగని డ్రైవరు

నేను పుట్టి బుద్ధెరిగాక కల్లు ముట్టలేదు. బీరు, బ్రాందీల సంగతి సరేసరి. పండగనాడు దేవుడి పేరు చెప్పి పోసినా గ్లాసు పక్కకి జరిపేవాణ్ణి. ఇందులో నా గొప్పతనమేమీ లేదు. మా వంశానికి రాసిపెట్టిన కల్లంతా మా అయ్య ఒక్కడే తాగేసి వెళ్లిపోయాడు, నాకు మిగల్చలేదు. అలాంటి నన్ను పట్టుకుని ఒక ఎస్టేటు ఎస్టేటంతా "తాగుబోతు డ్రైవరు" అంది. ఆ మచ్చ ఎలా పడిందో, ఎలా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ వయసులో ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవడు సెలవులకి తిరుగుదామని ఒక కారవాన్ అద్దెకి తెచ్చాడు. కారు వెనక తగిలించుకుని ఈడ్చుకుపోయే చక్రాల ఇల్లు అది. దాన్ని కారుకి తగిలించే కొక్కేన్ని హిచ్ అంటారు. వాడు ఫోన్లో చూసి, "ఈ హిచ్ ఉంటే బండి తూలదు తాతా, గ్యారంటీ లా!" అన్నాడు, ఇక్కడి పద్ధతిలో మాట చివర 'లా' తగిలించి. ఒరే అబ్బాయీ, ఆ గ్యారంటీ మాట నేను మెర్డేకా కొత్తలోనే, అంటే తెల్లదొరలు కౌలాలంపూర్‌లో తమ జెండా దింపి ఈ దేశానికి స్వాతంత్ర్యం ఇచ్చిన కొత్తలోనే విన్నాను. అది నా ఉద్యోగాన్ని మింగబోయింది.

మీకు ఆ రోజులు తెలియవు గనక కొంచెం చెప్పాలి. మా ఎస్టేటు తెలుక్ ఆన్సన్‌కి, అంటే మీరు ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్న ఊరికి, బస్సు దూరంలో ఉండేది. కొంత రబ్బరు, కొంత పామాయిల్ తోట. చాలా ఏళ్లు ఎమర్జెన్సీ నడిచింది. అడవిలో దాక్కుని తెల్లదొరల సర్కారు మీద పోరాడుతున్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని దారి మీద గేటు పెట్టి కాపలా పెట్టారు. రబ్బరు గీతకి వెళ్లే ఆడవాళ్లు మధ్యాహ్నానికి ఇంత అన్నం మూట కట్టుకుపోవడానికి కూడా లేదు. ప్రతి బండీ గేటు దగ్గర ఆగాలి, తలుపు తెరవాలి, లోపలున్నది చూపించాలి. మెర్డేకా వచ్చిన కొన్నాళ్లకి మా వైపు అడవి సద్దుమణిగింది. సోదాలు ఎత్తేశారు. కాపలావాడు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాడు. అడ్డు దూలం మాత్రం ఆకాశంలోకి చూస్తూ అలాగే నిలబడి ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే పాత మేనేజరు దొర ఓడెక్కి వాళ్ల దేశం వెళ్తూ తన కారవాన్ ఎస్టేటుకి వదిలేశాడు. ఆయన దాన్ని సముద్రం ఒడ్డున సెలవులు గడపడానికి తెప్పించుకున్నాడు. కిటికీలకి పూల కర్టెన్లు, ఒక మడత మంచం, సారా సీసాలు పెట్టుకునే అందమైన చిన్న అల్మరా. కొత్త మేనేజరు దొర దాన్ని తిరుగుడు ఆస్పత్రిగా మార్చమన్నాడు. అల్మరాలోకి సారా సీసాల బదులు ఎర్రమందు, దగ్గు మందు వచ్చి చేరాయి. పూల కర్టెన్లు మాత్రం తీయలేదు. ఆ ఆస్పత్రిని జీపు వెనక తగిలించి అడవి అంచునున్న తోట చివరి ముక్క, అంటే మా ఆఖరి డివిజన్ దాకా తోలే పని నాది.

అందులో వెళ్లేది ముగ్గురం. నేను ఒకణ్ణి. నా పక్కన డ్రెస్సరు, అంటే ఎస్టేటు ఆస్పత్రిలో సూదులు వేసి కట్లు కట్టే కేరళాయన. మాతో తిరిగి తిరిగి తెలుగు పట్టుబడింది. మూడో మనిషి ఎస్టేటు మంత్రసాని. ఆవిడ మా అత్త. సొంత అత్తే, నా భార్యని కన్న తల్లి.

మా వాళ్లలో అప్పటికింకా అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడదు, పక్కన అసలే కూర్చోదు. కాబట్టి ఆవిడ జీపులో ఎక్కదు. కారవాన్‌లో, వెనక తలుపు పక్కన ఒక పీట వేసుకుని కూర్చునేది. కారవాన్‌కి ఉన్నది ఆ వెనక తలుపొక్కటే. నాతో ఏదైనా చెప్పాలంటే డ్రెస్సరుకి చెప్పేది. డ్రెస్సరు లేకపోతే కుక్కకో, గోడకో చెప్పేది. "ఈ బాబుకి కూడేలయింది, ఎవులైనా సెప్పండి" అని మా ఇంట్లో గోడతో అంటూంటే, గోడ నన్ను భోజనానికి పిలిచినట్టుండేది. ఆస్పత్రి సామాను సర్దడం పూర్తిగా ఆవిడ రాజ్యం. మందుల పెట్టెలు, ఆఖరి డివిజన్‌లో తల్లులు పనికెళ్లాక పిల్లల్ని ఉంచే ఆయాకొట్టానికి పంపే బియ్యం బస్తాలు, పాలపిండి డబ్బాలు, కిరసనాయిలు డబ్బాలు ఏవి ఎక్కడుండాలో ఆవిడే చెప్పి పెట్టించేది. ఆవిడ సర్దిందాన్ని ఇంకొకరు ముట్టుకుంటే చేతులు విరగ్గొట్టేది.

కొత్త దొరకి పాత కొక్కెం మీద నమ్మకం లేదు. కౌలాలంపూర్ నుంచి ఒక ఏజెంటు చేత కొత్త రకం హిచ్ తెప్పించాడు. ఏజెంటు తమిళాయన. తలకి నూనె, మెడకి టై, మాటకి చక్కెర. ఆ హిచ్‌కి రెండు పక్కలా రెండు ఉక్కు కడ్డీలు, వాటిని పైకి లాగి బిగించడానికి గొలుసులు ఉన్నాయి. ఏజెంటు దాన్ని బిగించి, చుట్టూ మూగిన జనానికి పురాణం చెప్పినట్టు చెప్పాడు. మామూలు కొక్కేనికైతే కారవాన్ బరువు జీపు వెనక చక్రాల మీద పడి ముందు చక్రాలు తేలిపోతాయట. ఇది ఆ బరువుని అన్ని చక్రాలకీ పంచుతుందట. అందువల్ల వెనక బండి తోక ఊపదట, ఎన్నటికీ ఊపదట.

"ఇది పెట్టాక రెండు బళ్లు లేవు, ఒక్కటే బండి. పసిపిల్లాడు కూడా తోలవచ్చు" అన్నాడు. నా మొహం చూసి, "మీరు ఇంకా బాగా తోలవచ్చు" అని చేర్చాడు.

మొదట్లో నేనూ మురిసిపోయాను. సామాను ఎక్కించాక కారవాన్ ముక్కుని జీపుకి తగిలించాలంటే ఇద్దరు మనుషులు కావాలేమో అనుకున్నాను. తీరా చూస్తే ఒంటి చేత్తో లేచి వచ్చేసేది. లోపల సామాను పెరిగినకొద్దీ ముక్కు తేలికవుతుందేమిటని ఎవరికీ అనుమానం రాలేదు. డ్రెస్సరు దండం పెట్టి, "సైన్సు, సైన్సు" అన్నాడు. నేను కొత్త కొక్కెం మహిమ అనుకున్నాను.

ఆ మహిమ రోడ్డెక్కాక తెలిసింది. నెమ్మదిగా పోతున్నంతసేపు పెళ్లికూతురిలా తలవంచుకుని వచ్చేది. కొంచెం పల్లం తగిలి జోరందుకుందా, వెనక ఏదో చెయ్యి వేసి జీపుని ఎడమకి లాగినట్టుండేది. నేను సరిచేసేలోపు కుడికి. మళ్లీ ఎడమకి, ఈసారి ఇంకొంచెం ఎక్కువగా. స్టీరింగు నా చేతుల్లోనే ఉంది గాని జీపు నా మాట వినడం లేదు. డ్రెస్సరు కళ్లు మూసుకుని గురువాయూరప్పన్ని పిలిచేవాడు. వెనక నుంచి మా అత్త గొంతు రోడ్డంతా వినిపించేది.

"డ్రెస్సరు బాబూ! ఆ తోలే బాబుకి సెప్పండి, ఇది బండి గాని ఉయ్యాల కాదని సెప్పండి! ఓలమ్మో, నా నడుం!"

"నేనేటి సేసినాను? హిచ్చే ఊగుతంది!" అని నేను డ్రెస్సరుతో అరిచేవాణ్ణి.

"హిచ్చు ఊగుతాదేటి, మడిసి ఊగితేగాని!" అని ఆవిడ డ్రెస్సరుతో అరిచేది. మధ్యలో ఉన్న డ్రెస్సరు రెండు వైపులా తల ఊపేవాడు. అసలే బండి ఊగుతోంది, ఆయన తల ఎటు ఊగుతోందో ఆయనకే తెలిసేది కాదు.

దారి పక్క పనిచేసేవాళ్లు ఇదంతా చూసి తీర్పు చెప్పేశారు. వంకరటింకరగా వచ్చే బండిని తోలేవాడు తాగి ఉంటాడు, అందులో ఆలోచించడానికేముంది? ఆ పైన మా అయ్య పేరు ఊళ్లో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఆఫీసు గుమాస్తాని మేం కెరాణి అనేవాళ్లం. ఆయన నాకు వినబడేలాగే, "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కాని బండి వంకరగా పోతున్న మాట నిజం, తిన్నగా పోనిస్తే గదా నోరు చేసుకోవడానికి!

అలా ఉండగా ఒక రోజు ఆఖరి డివిజన్‌కి వెళ్తూ పల్లంలో కారవాన్ మరీ రెచ్చిపోయింది. రెండు ఊపులకి జీపుని రోడ్డు దింపి మూడో ఊపుకి కాలువలో పడేసింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కాని పడ్డం ఎక్కడ పడింది? సరిగ్గా కల్లు దుకాణం ముందు. ఎస్టేటులో అంత రోడ్డుంది, అంత కాలువుంది, దానికి ఆ చోటే దొరికింది. పడ్డ ఊపుకి లోపల స్పిరిట్ సీసా పగిలింది. అత్తని దింపబోయి నేను అందులో మోకాళ్ల దాకా తడిసిపోయాను.

కల్లు దుకాణంలోంచి ముంతలు పట్టుకుని జనం వచ్చేశారు. నన్ను చూసి వాళ్ల ఆనందం ఇంతా అంతా కాదు.

"ఏటి డ్రైవరూ, మాకు సెప్పకుండా ఏడ తాగొచ్చినావు?"

"ఇన్నాళ్లకి మా మడిసివైనావు లా! రా, కూకో!"

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నేనైతే పాలు కూడా తాగలేదు. అంతలో కెరాణి సైకిలు మీద వచ్చాడు. నా మొహం దగ్గర తన ముక్కు పెట్టి "ఊదు" అన్నాడు. ఊదాను. పొద్దున తిన్న ఎండుచేపల కూర తప్ప నా నోట్లో ఏమీ లేదు, ఆ సంగతి ఆయన మొహంలోనే కనబడింది. కాని వంగి నిటారయ్యేసరికి నా పంచెలోని స్పిరిట్ వాసన ఆయన ముక్కుకి తగిలింది. "ఆఁ!" అన్నాడు, గనిలో తగరం దొరికినవాడిలా.

మరునాడు దొర నన్ను పిలిచాడు. ఆయన ఎస్టేటు తమిళం మాట్లాడేవాడు. నేనిక్కడ తెలుగులో పెడుతున్నాను. నేను తాగలేదనీ, హిచ్ మంచిది కాదనీ చెప్పాను. పక్కనే ఉన్న కెరాణి, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అని తనలో తాను అన్నాడు.

దొర న్యాయంగల మనిషే. "సరే, పరీక్ష పెడదాం. ఏజెంటుని పిలిపిస్తాను. అతను చెప్పినవి అబద్ధమని తేలితే హిచ్ అతని మొహాన కొడతాను. నిజమని తేలితే నువ్వు నెలాఖరికి ఇల్లు ఖాళీ చెయ్యి" అన్నాడు.

ఇల్లంటే ఎస్టేటు వాళ్లు పనివాళ్లకి వరసగా కట్టిన లైన్ల ఇల్లు. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. నా భార్యకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఇంటికెళ్లి చెప్పేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని కట్టె ఎగదోసింది. "నువ్వు తాగనేదని నాకు తెలుసును. కానీ అది నాకొక్కదానికే తెలిస్తే ఏటి లాభం?" అంది. తాగి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లని చూశాను. వాళ్లకి తాగిన సుఖమైనా మిగిలింది.

పరీక్ష రోజు పామాయిల్ గెలల లారీలు తూచే కాటా దగ్గర తిరునాళ్లలా జనం చేరారు. ఏజెంటు కొత్త టైతో వచ్చాడు. ఆస్పత్రి సామాను దింపేసి, దాని బరువుకి సరిపోయే ఇసుక బస్తాలు ఎక్కించారు. కూలీలు ఒక్కొక్క బస్తా భుజాన వేసుకుని లోపలికంటా వెళ్లి, ముందు గోడకి ఆనించి చక్కగా పేర్చుకుంటూ వచ్చారు.

మొదటి మాట బరువు పంచడం గురించి. జీపు ముందు చక్రాలు మాత్రం కాటా మీదకి ఎక్కించారు. కారవాన్ లేకుండా ఒకసారి తూచారు. కారవాన్ తగిలించి, గొలుసులు వదులుగా ఉంచి తూచారు. ముందు చక్రాల మీద బరువు తగ్గింది. తగ్గగానే నేను డ్రెస్సరు చెయ్యి గట్టిగా నొక్కాను. అప్పుడు ఏజెంటు గొలుసులు బిగించి, "ఇప్పుడు చూడండి" అన్నాడు. తగ్గిన బరువు చాలా మట్టుకు తిరిగొచ్చేసింది. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లలో మా బంధువులు కూడా ఉన్నారు.

రెండో మాట తూలడం గురించి. దొర తన కారులో వెనకాల వస్తానన్నాడు. ఏజెంటు నా పక్కన కూర్చున్నాడు. అదే రోడ్డు, అదే పల్లం. బిడ్డలారా, నేను ఎన్నో ఏళ్లు బళ్లు తోలాను. బండి తిన్నగా పోవాలని ప్రతి డ్రైవరూ దేవుడికి మొక్కుకుంటాడు. బండి తూలాలని మొక్కుకున్న డ్రైవరు లోకంలో నేనొక్కణ్ణే ఉంటాను. సింహాచలం అప్పన్నకి మొక్కాను. ఊళ్లో అమ్మవారికి కోడిని మొక్కాను. చాలదని డ్రెస్సరుగారి గురువాయూరప్పన్ని కూడా పిలిచాను. పల్లం వచ్చింది. జోరు పెంచాను. కారవాన్ రైలు పెట్టెలాగా తిన్నగా, బుద్ధిగా నా వెనకాల దిగింది.

ఏజెంటు జేబురుమాలు తీసి మొహం తుడుచుకుని, జాలిగా, "ఈ రోజు మీరు తాగలేదు గదా, అందుకే" అన్నాడు.

కల్లు దుకాణం ముందు జనం బారులు తీరి నిలబడ్డారు. మేం తిన్నగా వెళ్లిపోతే వాళ్లు కూడా నిరుత్సాహపడ్డారు. నేను తిరిగొచ్చి జీపు దిగేసరికి దొర నా వైపు చూడకుండా, "అయిపోయింది" అని మాత్రం అన్నాడు. కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి.

సరిగ్గా అప్పుడు మా అత్త నెత్తిన మందుల పెట్టెతో వచ్చింది. ఆ రోజు ఆఖరి డివిజన్‌లో ఆయాకొట్టానికి బియ్యం చేరాలి. దొరల పరీక్షలైతే ఆవిడకేమిటి, పిల్లలకి కూడు కావాలి గదా. కారవాన్‌లోకి తొంగిచూసి నడుమ్మీద చేతులు పెట్టుకుంది.

"ఎవుడ్రా నా ఆస్పట్లో ఇసక పోసినాడు? తియ్యండి! బేగి తియ్యండి!"

కూలీలు దొర వైపు కూడా చూడకుండా బస్తాలు దింపేశారు. ఆవిడ దగ్గరుండి తన సామాను తన పద్ధతిలో ఎక్కించుకుంది. తర్వాత పీట వేసుకుని తలుపు దగ్గర కూర్చుని, "డ్రెస్సరు బాబూ, ఇంక పోనీమని సెప్పండి" అంది.

నేను అడుగు ముందుకు వేయబోతే ఏజెంటు చెయ్యి అడ్డం పెట్టాడు. గెలిచిన మనిషి కదా, ఊపు మీదున్నాడు. "ఈ ట్రిప్పు నేను తోలతాను. హిచ్ అంటే ఏమిటో మీ వాళ్లందరూ చూడాలి" అన్నాడు. కెరాణి ఉత్సాహపడి ఆయన పక్కన ఎక్కాడు. దొర నన్నూ డ్రెస్సరునీ తన కారు వెనక సీట్లో కూర్చోమన్నాడు. ఆఖరి డివిజన్ దాకా వెళ్లి నా పని అక్కడి డ్రైవరెవరికైనా అప్పజెప్పాలని కాబోలు.

దొర కారులోంచి మాకు కారవాన్ వెనక భాగం బాగా కనిపిస్తోంది. తలుపు పైసగం తెరిచి ఉంది. అందులో ఫొటో కట్టించినట్టు మా అత్త. మొదట్లో ఆవిడ మధ్యలోనే ఉంది. పల్లం మొదలయ్యాక నెమ్మదిగా ఎడమవైపుకి వెళ్లింది. తర్వాత కుడివైపుకి వెళ్లింది. దొర స్టీరింగు మీదికి వంగాడు. మా అత్త మళ్లీ ఎడమకి, ఈసారి రోడ్డు అంచు దాకా వెళ్లింది. కొంగు నోట్లో కుక్కుకుని, రెండు చేతులా తలుపు పట్టుకుని, మాకేసి చూస్తోంది. దొర తనకి తెలిసిన భాషలన్నిట్లో ఒక్కొక్క మాట అన్నాడు. నేను మాత్రం, దేవుడు క్షమించాలి, అత్తగారు అలా అటూ ఇటూ పోతుంటే ఆనందం పట్టలేక డ్రెస్సరుని కావిలించుకున్నాను.

ఏజెంటు గట్టి డ్రైవరే. బండిని ఎలాగో ఆపాడు. కాలువ అంచున ఒక చక్రం గాలిలో పెట్టి ఆపాడు. ఎక్కడ? కల్లు దుకాణం ముందు. ముంతలతో జనం మళ్లీ వచ్చేశారు.

"ఓరి, టై కట్టుకున్న ఆడు కూడానా!"

ఏజెంటు టై సవరించుకుంటూ దిగాడు. కెరాణి మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. దొర కారు దిగి, నిదానంగా నడిచి వచ్చి, ఏజెంటుని చూపిస్తూ కెరాణితో, "వాసన చూడు" అన్నాడు.

కెరాణి ఏం చేస్తాడు? మింగలేక కక్కలేక ముక్కు ముందుకు పెట్టాడు. ఏజెంటు అంత మనిషీ నోరు తెరిచి ఊదాడు. "తలనూనె వాసన, సార్" అన్నాడు కెరాణి. నా జీవితంలో నేను విన్న తీర్పులన్నిట్లో అంతకంటే తియ్యనిది లేదు.

ఈలోగా నేను అత్తని దింపడానికి వెళ్లాను. ఆవిడ డ్రెస్సరు వైపు తిరిగి, "ఇన్నాళ్లూ ఈ బాబుని ఆడిపోసుకున్నాను, తప్పైపోనాదని సెప్పండి" అంది. డ్రెస్సరు చెప్పాడు. నేను పరవాలేదని చెప్పమన్నాను. డ్రెస్సరు అదీ చెప్పాడు. అడుగు దూరంలో నిలబడి ముగ్గురం ఈ వ్యవహారం పూర్తిచేసుకున్నాం.

ఏజెంటు మాత్రం ఊరుకోలేదు. తల గోక్కుంటూ తలుపు దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు. దొరని కూడా రమ్మన్నాడు. కారవాన్ లోపల ముందు సగమంతా ఖాళీ. పిల్లలు ఆడుకోవచ్చు. బియ్యం బస్తాలు, పాలపిండి డబ్బాలు, కిరసనాయిలు, మందుల పెట్టెలు అన్నీ వెనక తలుపు దగ్గరే గుట్ట పోసినట్టున్నాయి. ఆ గుట్ట పక్కన పీట.

"అమ్మా, బరువంతా తోక మీద పెట్టారేమిటి?" అన్నాడు ఏజెంటు. "నా హిచ్ బరువు పంచుతుంది. కాని పంచడానికి ముక్కు మీద బరువంటూ ఉండాలి గదా. ఇక్కడ ముక్కు గాలిలో ఉంది. తోక బరువైతే బండి ఊగకేం చేస్తుంది? ఎందుకిలా సర్దారు?"

మా అత్త ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"ఎందుకేటి? గేటు కాడ సూపించొద్దా? బియ్యం లోపలెట్టితే కాపలావోడు సామానంతా దింపిత్తాడు. ఒకపాలి పాత లారీలో తెస్తంటే వోనలో దింపించినాడు, ఇనపసువ్వతో బస్తాలు పొడిసినాడు, దొర సీటీ రాసిచ్చిన పిల్లల బియ్యం సగం బురదపాలైపోనాది. అప్పట్నుంచి కూడు సరుకంతా తలుపు కాడే ఎడతాను. తలుపు తీసినావా, కనబడాల. నానిక్కడ కూకున్నది తలుపు తియ్యడానికే."

డ్రెస్సరు దాన్ని తమిళంలో చెప్పాడు. ముంతలవాళ్లు ముంతలు కింద పెట్టారు. దొర రోడ్డు చివర కనిపిస్తున్న గేటు వైపు చూశాడు. దూలం ఆకాశంలో ఉంది. కాపలా గుడిసె మీద ఎవరో చిక్కుడు తీగ పాకించుకున్నారు.

ఈ కారవాన్ ఆస్పత్రి అయింది సోదాలు ఎత్తేశాక. అంటే దీన్ని ఆ గేటు దగ్గర ఎవరూ, ఒక్కసారైనా, ఆపింది లేదు. అయినా ఆవిడ ప్రతిసారీ కాపలావాడి కోసమే సర్దింది. మోసిన కూలీలు అలాగే మోశారు. నేను అలాగే తోలాను. ఎందుకని ఒక్కరం అడగలేదు, అడగాలని తోచలేదు. వెళ్లిపోయిన మనిషికి మేం ఇంకా లెక్క చెబుతున్నాం. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గాని, ఆ క్షణాన నాకు ఏడుపొచ్చింది.

దొర తనే ఒక బియ్యం బస్తా పట్టి లోపలికి లాగాడు. అందరం కలిసి సామాను ముందుకి జరిపాం. నేను తోలాను, అదే పల్లంలో, కావాలని జోరుగా తోలాను. వెనక కారవాన్ ఉందో లేదో అనిపించింది. దొర నా భుజం మీద చెయ్యి వేసి, "ఇల్లు నీదే" అన్నాడు. ఏజెంటు నాకు చెయ్యి కలిపి, తన హిచ్ గురించి చెప్పిన ప్రతి మాటా నిజమని మళ్లీ ఒకసారి చెప్పుకున్నాడు. నిజమే, అన్నీ నిజాలే. మా అత్త సంగతి ఆయనకి తెలియదు, అంతే.

కాని ఒక చిక్కు మిగిలింది. సామాను ముందుకి జరిగింది సరే, మనిషి మాట? ఆవిడ తోక మీద కూర్చోకూడదని ఏజెంటు గట్టిగా చెప్పి వెళ్లాడు. లోపల చూస్తే బస్తాల మధ్య చోటు లేదు. మిగిలింది జీపు. జీపులో అల్లుడు. ఎస్టేటులో ఆడవాళ్లు దీని మీద పంచాయితీ పెట్టారు. చివరికి డ్రెస్సరుని మధ్యలో గోడలా కూర్చోబెట్టి, అత్త అటు చివర కిటికీకి అతుక్కుని, మొహం బయటికి పెట్టి, కొంగు నా వైపు లాక్కుని కూర్చోవాలని తీర్మానమైంది. అలాగే సాగింది. మా మాటలు డ్రెస్సరు మీదుగా అటూ ఇటూ పోతూ ఉండేవి. ఆ మధ్యలో నాకు కొడుకు పుట్టాడు. ఆ కబురు కూడా మా అత్త ఆయనకే చెప్పి నాకు చెప్పమంది.

మెర్డేకా వచ్చి ఏడాది నిండిన పండగ వచ్చింది. ఆఖరి డివిజన్‌లో పిల్లలకి జెండాలు, తీపి, భోజనం. మా అత్త పెద్ద గిన్నెడు పులిహోర కలిపింది. కారవాన్‌లో పెడితే ఒలుకుతుందని ఒళ్లో పెట్టుకుని జీపు దగ్గరికి వచ్చింది. తీరా చూస్తే డ్రెస్సరు ముందు రోజే తెలుక్ ఆన్సన్ వెళ్లి ఉన్నాడు. గోడ లేదు. ఆవిడ జీపు వైపు చూసింది, గిన్నె వైపు చూసింది, నా వైపు చూడలేదు. చివరికి ఎక్కి కిటికీకి అతుక్కుంది. మా ఇద్దరి మధ్యా డ్రెస్సరంత ఖాళీ.

"ఓ జీపూ, నెమ్మదిగా ఎల్లే, పులిహోర ఒలికిపోద్ది" అంది ముందు అద్దంతో. "అలాగే" అన్నాను నేనూ అద్దంతోనే.

కల్లు దుకాణం దాటాం. వాళ్లు ముంతలెత్తి నాకు దండం పెట్టారు. గేటు వచ్చింది. జీపులో అన్నం ఉందనో ఏమో, నాకు తెలియకుండానే నా కాలు బ్రేకు మీదికి వెళ్లింది. జీపు ఆగింది. మా అత్త గిన్నె పక్కన పెట్టి, దిగి వెనక తలుపు తెరవడానికి అప్పటికే జీపు తలుపు పిడి మీద చెయ్యి వేసి ఉంది. ఇద్దరం గేటు వైపు చూశాం. చిక్కుడు తీగ నిండా పూలు. జీపంతా చింతపండు, ఇంగువ, వేడి అన్నం వాసన. ఒకప్పుడు ఆ గేటు దాటడానికి పిడికెడు కూడా వీల్లేని అన్నం.

ఆవిడ పిడి మీద నుంచి చెయ్యి తీసింది. గిన్నె మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. తర్వాత, నా పెళ్లయిన నాటి నుంచి మొదటిసారి, నా వైపు తిరిగి నా మొహం చూసి నాతో మాట్లాడింది.

"ఎవులూ నేరు నాయినా. పోనీ."

నేను గేరు వేశాను. వెనక బండి మా వెంట తిన్నగా వచ్చింది.